గీత లేని టైరు

టైరును కోసేయడానికి ఇంకా రెండు గంటల యాభై నిమిషాలే ఉన్నాయి.

నీవెస్ బర్తోలి గడియారం చూసుకుంది. మంగళవారం, మధ్యాహ్నం రెండూ పది. ప్రాసిక్యూటర్ నియమించిన నిపుణుడు ఇంజినీర్ ఫాంతీని సరిగ్గా అయిదింటికి ఆ టైరును పన్నెండు ముక్కలు చేసి, ప్రయోగశాలకు పంపేస్తాడు. ఒకసారి కోశాక దాన్ని చూడటానికి ఏమీ మిగలదు. ఆ ముక్కల వెనకే సెకొందో బన్యారి జైలుకు వెళ్తాడని వాల్దెర్నా రేసు ట్రాక్ మీద అందరూ అప్పుడే తీర్మానించేసుకున్నారు.

సెకొందోకి అరవై ఎనిమిదేళ్లు. అందులో నలభై రెండేళ్లు రేసు మోటార్‌సైకిళ్లకు టైర్లు ఎక్కించడంలోనే గడిచిపోయాయి. ఆదివారం ఎలియో స్పదోని అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు వెనక టైరు జారి పడి చచ్చిపోయాడు. పాత టైరు అంటగట్టి కుర్రాణ్ణి చంపాడని సెకొందో మీద నేరం. ఆయన కూతురు ఏడుస్తూ ఫోన్ చేస్తే నీవెస్ వచ్చింది. నాన్న లారీ టైర్ల కొట్టులో పెరిగి, పోలీసు ఉద్యోగం ఇరవై ఏళ్లు చేసి, అక్కడ ఇమడలేక, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటోంది.

"ఆదివారం ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పండి" అంది.

సెకొందో తన దుకాణంలో స్టూలు మీద, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "పోలీసులకి చెప్పాగదమ్మా."

"నాకు చెప్పలేదుగా."

"కొత్త టైరు. నేనే ఎక్కించా. పదకొండూ ఇరవైకి తొమ్మిదో గ్యారేజీకి తీసుకెళ్లి బండికి బిగించా. పదకొండున్నరకి కుర్రాడు ట్రాక్ ఎక్కాడు. పదకొండూ నలభై రెండుకి..." చేత్తో గాలిలో ఏదో తుడిచేసినట్టు చేశాడు.

"కానీ అక్కడున్న టైరు పాతది. ఎడమ అంచు అరిగిపోయి లోపలి నార కనబడుతోందట. తిరిగే దిక్కు చూపించే బాణం కూడా తిరగబడి ఉందట."

"బాణం తిరగేసి ఎక్కించానా? నేనా?" ముసలాయన మొహం ఒక్క క్షణం కందగడ్డలా అయింది. మళ్లీ అంతలోనే చల్లారిపోయింది. "పోనీలే అమ్మా. వాళ్లకి ఏం రాసుకోవాలనుంటే అది రాసుకోనీ."

నీవెస్‌కి ఒళ్లు మండింది. తప్పు చేసినవాళ్లు వంద అబద్ధాలాడటం చూసింది గానీ, చేయనివాడు ఇలా చేతులెత్తేసి కూర్చోవడం ఆమెకు కొత్త. ఆయన నోటినుంచి మాట రాబట్టేసరికి ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది.

"మీ పని చెప్పండి, సరేనా? కేసు సంగతి వదిలేయండి. టైరు ఎక్కించాక మీ చేతులు ఏం చేస్తాయి?"

పని మాట ఎత్తేసరికి ఆయన కాస్త కదిలాడు. "గాలి కొడతా. బ్యాలెన్సు చూస్తా. తర్వాత పసుపు పెన్సిలుతో వాల్వ్ పక్కన ఒక గీత గీస్తా. సగం రిమ్ము మీద, సగం టైరు మీద. రిమ్ములో టైరు జరిగిందనుకో, రెండు ముక్కలూ పక్కకి తప్పుకుంటాయి. చూడగానే తెలిసిపోతుంది."

"ప్రతి టైరుకీనా?"

"పెళ్లినాడు కూడా మా ఆవిడ కారు టైర్లకి గీసొచ్చా."

"చెడ్డ టైరైతే?"

"తెల్ల సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు. మొన్న శనివారం ఎలియో రెండో బండికే పెట్టా. వెనక టైరు కుడి అంచున నాణెమంత బొబ్బ లేచింది. లోపల పొర విడిపోతోందన్నమాట. పదో గ్యారేజీలో ఇంకా అట్లాగే ఉంది, పీకే నాథుడు లేడు."

"దాన్ని నడిపితే?"

"తోసుకుంటూ తీసుకెళ్తే ఏం కాదు. దౌడు తీయిస్తే ట్రాక్ చుట్టూ రెండు ల్యాపులు. మూడు. అక్కడినుంచి దాని ఇష్టం."

నీవెస్ లేచింది. గుమ్మం దగ్గర ఆగి అడిగింది. "పదకొండూ ఇరవైకి మీరు వెళ్లినప్పుడు గ్యారేజీలో ఎవరున్నారు?"

"ఇవానో." ఇవానో స్పదోని ఎలియో తండ్రి. జట్టు యజమాని, పెద్ద మెకానిక్కూ అతనే. "ఇంజన్ ఆయిల్ మార్చడం అప్పుడే అయింది వాడికి."

"ఏమైనా మాట్లాడుకున్నారా?"

సెకొందో నేలకేసి చూశాడు. "లేదు" అన్నాడు. "మాట్లాడలేదు."

ఆ రెండు ముక్కలూ ఆయన మిగతా మాటలకంటే బరువుగా పలికాడని ఆమెకి అనిపించింది. కానీ రెండూ నలభై అయిపోయింది.

తొమ్మిదో గ్యారేజీ బయట సీలు తీసి ఒక కానిస్టేబుల్ నిలబడ్డాడు. లోపల ఒకవైపు పక్కకి ఒరిగిన బండి, పొగమంచు పట్టిన లైటు కింద బల్ల మీద వెనక చక్రం. మూలన నల్ల కోటు వేసుకుని ఇవానో స్పదోని కూర్చున్నాడు. మూడు రోజుల గడ్డం. ఎవరు వచ్చారో కూడా చూడలేదు.

ఫాంతీని మాత్రం చూశాడు. పోలీసు రోజులనుంచీ ఆమెను ఎరిగినవాడే. "రండి మేడం. గంటన్నర టైమిచ్చారు మీకు. చేతులకి గ్లౌజులు వేసుకోండి. ఇదేమీ మీ నాన్నగారి లారీ టైర్ల కొట్టు కాదు."

"నిజమే. అక్కడైతే ముందు టైరు చూసి, తర్వాత మాట్లాడేవాళ్లం."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

ఫాంతీని చక్రాన్ని తిప్పి చూపించాడు. "ఇందులో దాచేదేముంది? మన ట్రాక్ నిండా కుడి మలుపులే, కాబట్టి టైరుకి కుడి అంచు అరుగుతుంది. ఇది అట్లా అరిగిన టైరే. మీ ముసలాయన దీన్ని తిరగేసి ఎక్కించాడు, అరగని వైపు కుడికి వచ్చేట్టు. అందుకే అరిగింది ఎడమకొచ్చింది, బాణం తిరగబడింది. డబ్బుల్లేని జట్లవాళ్లు సరదా పరుగుల్లో చేసే పనే. రేసు రోజున చేస్తే హత్య."

మూలనుంచి ఇవానో గొంతు వచ్చింది. "నలభై ఏళ్లు వాడూ నేనూ ఒక కంచంలో తిన్నాం. అట్లాంటివాడు నా కొడుకుని..." మిగతాది మింగేశాడు.

నీవెస్ వంగి చక్రం మీద టార్చి వేసింది. నున్నటి టైరు. అరుగుదల కొలవడానికి అక్కడక్కడ గింజంత గుంటలు ఉంటాయి. ఎడమవైపు గుంటలు ఆనవాలు కూడా లేకుండా పోయాయి. కుడివైపు మాత్రం పెన్సిలు మొన దిగేంత లోతుగా ఉన్నాయి.

"ఎలియో పడింది ఏ మలుపులో?"

"ఏడో మలుపు. కుడి."

"మరి కుడి అంచు ఇంత బాగుందే. మంచి అంచు మీద వాలినవాడు ఎందుకు జారాడు ఇంజినీరు గారూ?"

ఫాంతీని చక్రాన్ని ఇంకోవైపు తిప్పాడు. "ఒక పక్క నార తెగితే టైరు మొత్తం బలహీనపడుతుంది. ఎటు వాలినా..."

"మీ నివేదికలో ఈ మాట ఉందా?"

"రాస్తాను."

"రాయండి. దాని కిందే ఇంకోటి కూడా రాయండి." ఆమె టార్చిని వాల్వ్ మీదకి తిప్పింది. రిమ్ము మీద గోరంత పసుపు గీత. అది రిమ్ము అంచు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. టైరు మీద దాని రెండో సగం లేదు. చక్రాన్ని నెమ్మదిగా చుట్టూ తిప్పింది. ఎక్కడా లేదు. "సెకొందో ప్రతి టైరుకీ గీసే గీత ఇది. సగం ఇక్కడుంది. ఇంకో సగం ఏది?"

"బండి గులకరాళ్లలో నలభై గజాలు దొర్లింది తల్లీ! చెరిగిపోయి ఉంటుంది."

"ఇటు రండి. కళ్లజోడు పెట్టుకుని చూడండి." రిమ్ము అంచును ఆనుకుని టైరు పక్కగోడ మీద సన్నటి రబ్బరు వెంట్రుకలు నిలబడి ఉన్నాయి. అచ్చులోంచి తీసినప్పుడు మిగిలే పోగులవి. వేలు గట్టిగా రాస్తే ఊడిపోతాయి. వాల్వ్ పక్కన ఒక్కటి కూడా ఊడలేదు. "గీత మీదుగా రాళ్లు గీరాయి, వెంట్రుకల్ని మాత్రం పలకరించి వదిలేశాయి. అంతేనా?"

ఫాంతీని కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. మనిషికి ముక్కు మీదే కోపం గానీ గుడ్డివాడు కాదు. నీవెస్ టైరుకు అంటుకున్న ఒక గులకరాయిని గోటితో తాకింది. రాయి టక్కున ఊడి బల్ల మీద పడింది.

"ట్రాక్ మీద వేడెక్కిన టైరు రాయిని మింగేస్తుంది. చల్లారాక పట్టకారు పెట్టి లాగినా రాదు. వీటిని చల్లటి టైరుకి ఎవరో చేత్తో నొక్కారు. ఎలియో పడినప్పుడు బండికున్న టైరు ఇది కాదు. ఆ తర్వాత మార్చారు."

"ఎవరు? ఎప్పుడు? మీ ముసలాయనే మార్చి ఉండొచ్చు!"

"పన్నెండుంపావు నుంచి రెండూ నలభై దాకా ఆయన పోలీసుల ఎదురుగా కూర్చుని ఉన్నాడు. మీరు సీలు వేసింది రెండూ ఇరవై అయిదుకి. టైర్లు మార్చే మెషీన్ ఆయన దుకాణంలోనే ఉంది, దాని తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. కాబట్టి మార్చినవాడు చేతులతోనే, టైరు పీకే ఇనుప లివర్లతో మార్చాడు."

ఆమె రిమ్ము అంచు వెంట వేలు పోనిచ్చింది. ఒక్కచోట వేలికి తగిలింది. కొత్తగా మెరుస్తున్న ఒక గాటు. దాని పక్కన బెత్తెడు దూరంలో గాటు లేదు. గోధుమరంగు జిడ్డు మరక ఉంది. ఇంకో బెత్తెడు అవతల అలాంటిదే ఇంకో మరక. వాసన చూసింది. పాత తోలు.

"మొదటి లివర్ తొందరలో పెట్టేశాడు, రిమ్ముకి గాటు పడింది. అప్పుడు చేతికి అలవాటు గుర్తొచ్చింది. మిగతావాటి కింద తోలు ముక్కలు పెట్టాడు, రిమ్ము చెడకుండా. ఈ కాలంలో ఇలా ఎక్కించేవాళ్లు ఎవరున్నారు?"

మూలన కుర్చీ కిర్రుమంది. ఇవానో లేచాడు. "నాకు గాలాడటం లేదు" అన్నాడు ఎవరితోనూ కాకుండా. వెనక తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

"పాపం" అన్నాడు కానిస్టేబుల్. "ఆదివారం కూడా ఇట్లాగే. కుర్రాడు పోయాడని డాక్టరు చెప్పగానే, కాసేపు మా వాడి బండి దగ్గర నన్ను ఒంటరిగా వదిలేయండన్నాడు. షట్టర్ దించేసుకున్నాడు. అందరం బయటే నిలబడ్డాం. లోపల ఏడుపు వినబడుతుంటే ఎవరు వెళ్తారు?"

"ఎంతసేపు?"

"పన్నెండూ ఇరవై నుంచి... ఒంటిగంటన్నర దాకా."

ఫాంతీని, నీవెస్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ డెబ్బై నిమిషాలూ అతను నిజంగానే ఏడ్చి ఉంటాడు, ఏడుస్తూనే లివర్లు తిప్పి ఉంటాడు. అందుకే బాణం తిరగబడింది.

కానీ ఎందుకు? టైరు బాగుంటే బండి దేనికి జారింది?

ఆమె నేల మీద పడుకుని బండి కిందకి టార్చి వేసింది. అడుగంతా గులకరాళ్ల దుమ్ము, బూడిదలా పరుచుకుని ఉంది. ఇంజన్ అడుగున ఆయిల్ వదిలే బోల్టు. వణుకుడికి ఊడిపోకుండా రేసు బండికి ఆ బోల్టును సన్నటి తీగతో కట్టి తీరాలి. కట్టే ఉంది. తీగ తళతళా మెరుస్తోంది. బోల్టు చుట్టూ అరచేతి మేర గుడ్డతో తుడిచినట్టు శుభ్రంగా ఉంది. తీగ మీద దుమ్ము రేణువు లేదు.

బండి దొర్లాక కట్టిన తీగ అది.

లేచి ఆ సంగతి ఫాంతీనికి చెప్పేసరికి టైము నాలుగూ అయిదు.

"అసలు టైరు ఎక్కడుంటుంది?" అన్నాడు ఫాంతీని. గొంతులో ఇందాకటి పెళుసుదనం లేదు.

"టైరును దాచాలంటే ఎక్కడ దాస్తారు మీరైతే?"

సెకొందో దుకాణం వెనక పాత టైర్ల గుట్ట మనిషెత్తు ఉంది. ఆ తిరగబడ్డ టైరు కూడా ఇందులోంచే వచ్చి ఉంటుంది. తొమ్మిదో గ్యారేజీ వెనక తలుపుకి ముప్ఫై అడుగులు. నీవెస్, ఫాంతీని ఒక్కొక్కటే లాగి పడేస్తుంటే సెకొందో చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు, సాయానికి రాలేదు. అడుగు వరసలో ఒకటి దొరికింది. గుంటలు అన్నీ లోతుగా ఉన్నాయి. వాల్వ్ చోట పసుపు గీత, గోరంత. ఒళ్లంతా గులకరాళ్లు దిగబడిపోయి ఉన్నాయి. ఫాంతీని ఒకదాన్ని చాకుమొనతో పెకలించబోయాడు. చాకు వంగిందిగానీ రాయి రాలేదు.

కుడి అంచు నల్లగా, తడిగా మెరుస్తోంది. నీవెస్ జేబురుమాలుతో రుద్దింది. గుడ్డకి గోధుమరంగు నూనె అంటింది. రెండు రోజులైనా వాసన పోలేదు.

"ఇంజన్ ఆయిల్" అన్నాడు ఫాంతీని. "పడ్డాక ట్రాక్ మీద నూనె ఉందని రాశారు. పడ్డప్పుడు ఇంజన్ పగిలి కారిందనుకున్నాం... బోల్టు ముందే ఊడింది. ఆయిల్ వెనక టైరు మీద పడింది. అది కనబడకూడదనే టైరు మార్చాడు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బన్యారి గారూ, అయిదింటికి కోత ఉండదు. ప్రాసిక్యూటర్‌కి నేనే ఫోన్ చేస్తాను. మీ మీద కేసు లేదు."

సెకొందో మొహంలో సంతోషం అనేదే లేదు.

"మీకు తెలుసు" అంది నీవెస్.

ముసలాయన గుట్ట పక్కన ఒక టైరు మీద కూలబడ్డాడు. "ఇవానోగాడూ నేనూ ఒకే మేస్త్రి దగ్గర నేర్చుకున్నాం. తోలు ముక్కలు పెట్టడం ఆయనే నేర్పాడు. ఇంకోటి కూడా నేర్పాడు. ఒకడు చేసిన పనిలో ఇంకోడు వేలు పెట్టకూడదు. అడగకూడదు, చూడకూడదు. చూస్తే వాణ్ణి నమ్మనట్టేగా." గొంతు సవరించుకున్నాడు. "ఆదివారం చక్రం బిగించడానికి వంగా. బోల్టుకి తీగ లేదు. ఇవానో కట్టబోతుంటే కుర్రాడు పిలిచాడు, హెల్మెట్ పట్టీ సరిచేయమని. వాడు వెళ్లాడు. వచ్చి కడతాడులే అనుకున్నా. వాడి పని కదా. నోరు మూసుకుని బయటికొచ్చేశా. ఒక్క మాటమ్మా. 'తీగ' అంటే చాలు."

"అందుకే జైలుకి వెళ్దామనుకున్నారా?"

"వాడికి కొడుకు పోయాడు. నేను కాదంటే, మరి ఎవరని వెతుకుతారు. వాడి కళ్లముందు వాడి తప్పు తీసి పెడతారు." మొహం తుడుచుకున్నాడు. "అందులో సగం నాదేనని వాడికి తెలీదు. వాడు ఒక్కడే మోస్తున్నాడు."

అప్పుడు వినబడింది.

మంగళవారాలు ట్రాక్ మూసేస్తారు. మూసేసిన ట్రాక్ మీద ఇంజన్ గర్జించింది. ఒకసారి, రెండోసారి, తర్వాత ఆగకుండా, మంచులోకి దూసుకుపోతూ. కానిస్టేబుల్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "మేడం! పదో గ్యారేజీ... ఇవానో గారు... హెల్మెట్ కూడా లేదు!"

సెకొందో లేచి నిలబడ్డాడు. ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. "రెండో బండి" అన్నాడు. "నేను ఇంటూ పెట్టిన టైరు."

నీవెస్ ట్రాక్ కంట్రోల్‌కి ఫోన్ కలుపుతూ గడియారం చూసింది. నాలుగూ ఇరవై రెండు. చప్పుడు దూరమై, కొండ వెనక సన్నబడి, మళ్లీ దగ్గరికొస్తోంది. ముసలాయన అప్పటికే గ్యారేజీల మధ్య సందులోంచి పరిగెడుతున్నాడు. మోకాళ్ల నొప్పులని మెట్లు కూడా ఎక్కనివాడు, ట్రాక్ గోడ ఎక్కి నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు.

"ఒరేయ్ ఇవానో! నేనూ చూశానురా! తీగ లేకపోవడం నేనూ చూశాను!"

బండి గోడ పక్కనుంచి దూసుకుపోయింది. అతను తల తిప్పలేదు. ఆ హోరులో మాట ఎవరికి వినబడుతుంది. సెకొందో ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

రెండో ల్యాపు మొదలైంది.